సాఫ్ట్‌బాల్‌లో పికాఫ్: పిచర్ పని కాదు, క్యాచర్ పని

బేస్‌బాల్ చూడటం అలవాటున్న తల్లిదండ్రులు మా ప్రాక్టీస్‌కి వచ్చిన కొత్తలో తప్పకుండా ఒక మాట అడుగుతారు. "రన్నర్ ఫస్ట్ బేస్ మీద ఉంది కదా, పిచర్ అటు విసిరి ఔట్ చెయ్యదేం?" మంచి ప్రశ్న. బేస్‌కి దూరంగా ఉన్న రన్నర్ తిరిగి చేరేలోపు ఆ బేస్‌కి బంతి విసిరి ఔట్ చెయ్యడాన్నే పికాఫ్ అంటారు. దీనికి జవాబు తెలిస్తే పిల్లల సాఫ్ట్‌బాల్‌లో బేస్‌ల మీద జరిగేదంతా చాలావరకు అర్థమైపోతుంది.

నేను క్యాచర్‌గా, అంటే క్రికెట్‌లో వికెట్ కీపర్‌లా బ్యాటర్ వెనక కూర్చుని పిచర్ వేసిన బంతి పట్టుకునే స్థానంలో, ఆడినదాన్ని. ఇప్పుడు పన్నెండేళ్లలోపు అమ్మాయిలకి ఫాస్ట్‌పిచ్ (పిచర్ బంతిని వేగంగా వేసే సాఫ్ట్‌బాల్) నేర్పుతున్నాను. అందుకని ఇక్కడ చెప్పేదంతా మాస్క్ వెనక నుంచి చూసిన ఆట. కొత్తగా కోచింగ్ మొదలుపెట్టినవాళ్లకీ, ఇంటి దగ్గర కూతురితో బంతి విసిరించే అమ్మానాన్నలకీ పనికొస్తుందని రాస్తున్నాను.

బేస్ ఎప్పుడు వదలాలి

ఫాస్ట్‌పిచ్‌లో రన్నర్ ముందే నాలుగడుగులు వేసి లీడ్ తీసుకోవడానికి వీల్లేదు. పిచర్ చేతిలోంచి బంతి బయటపడేదాకా కాలు బేస్‌ని తాకుతూనే ఉండాలి. క్రికెట్ తెలిసినవాళ్లకి నేను ఇలా చెబుతాను: బంతి వెయ్యకముందే నాన్‌స్ట్రైకర్ క్రీజు దాటితే బౌలర్ వికెట్లు పడగొట్టి రనౌట్ చెయ్యచ్చు కదా, ఇక్కడ ఆ శ్రమ కూడా అక్కర్లేదు. కాలు ముందే లేచిందని అంపైర్ చూస్తే చాలు, రన్నర్ ఔట్. బంతి డెడ్. ఆ పిచ్ లెక్కలోకే రాదు, బ్యాటర్ దాన్ని కంచె అవతలికి కొట్టినా సరే.

రన్నర్ బేస్ మీదే ఉన్నప్పుడు పిచర్ అటు విసిరి సాధించేది ఏమీ లేదు. పైగా పిచింగ్ ప్లేట్ మీద కాలు పెట్టి పిచ్‌కి సిద్ధమయ్యాక అక్కడి నుంచే బేస్‌కి విసిరితే అది ఇల్లీగల్ పిచ్ అవుతుంది. కాబట్టి పికాఫ్‌కి మిగిలింది ఒక చిన్న సందు మాత్రమే: బంతి పిచర్ చెయ్యి వదిలిన క్షణం నుంచి, తిరిగి పిచింగ్ ప్లేట్ చుట్టూ గీసిన సర్కిల్‌లో ఉన్న పిచర్ చేతికి చేరేదాకా. ఈ మధ్యలో బంతి ఉండేది క్యాచర్ దగ్గర. అందుకే పికాఫ్ ఆమె పని.

ఒక జాగ్రత్త. చిన్న పిల్లల లీగుల్లో స్థానిక నియమాలు వేరుగా ఉండచ్చు. కొన్ని చోట్ల బంతి హోమ్ ప్లేట్ (బ్యాటర్ పక్కనుండే పలక) దాటాకే బేస్ వదలాలి, కొన్ని చోట్ల హోమ్‌కి స్టీల్ చెయ్యడం (బంతి కొట్టకుండానే పరిగెత్తి తర్వాతి బేస్ చేరడం) కుదరదు, కొన్ని చోట్ల ముందుకి పరిగెడుతూ తల ముందుకి పెట్టి దూకి జారకూడదు. మూడో స్ట్రైక్‌ని క్యాచర్ జారవిడిస్తే బ్యాటర్ పరిగెత్తవచ్చా లేదా అన్నది కూడా వయసుని బట్టి మారుతుంది. ఆటకి ముందు అంపైర్ ఇద్దరు కోచ్‌లనీ పిలిచి మాట్లాడతారు కదా, అప్పుడే ఇవన్నీ అడిగేయండి. అడగడానికి మొహమాటపడే కోచ్‌లని చూశాను. తర్వాత ఆట మధ్యలో పిల్ల ఏడుస్తూ బెంచికి వస్తుంటే వాదించి లాభం ఉండదు.

క్యాచర్‌కి ఉన్న సమయం

అమెరికాలో ఈ ఆటని నడిపే యూఎస్ఏ సాఫ్ట్‌బాల్ సంస్థ నియమాల ప్రకారం పదేళ్లలోపు పిల్లలకి పిచింగ్ దూరం 35 అడుగులు, పన్నెండేళ్లలోపు 40, పద్నాలుగేళ్లలోపు 43. బేస్‌ల మధ్య దూరం 60 అడుగులు. నలభై అడుగుల నుంచి గంటకి 45 మైళ్ల వేగంతో వచ్చే బంతి క్యాచర్‌ని చేరడానికి అర సెకను కంటే కాస్త ఎక్కువ పడుతుంది. ఆ లోపు చురుకైన రన్నర్ రెండు మూడు పెద్ద అంగలు వేసేస్తుంది. అంటే బంతి గ్లవ్‌లో పడేసరికి ఆమె బేస్‌కి బాగా దూరంగా, ఇంకా ముందు వైపే మొగ్గి ఉంటుంది. క్యాచర్‌కి కావలసింది ఆ క్షణమే.

ఏ బేస్‌కి విసరాలన్నది తర్వాత. ముందు చేతి పని నేర్పండి. గ్లవ్‌లో బంతి పడగానే గ్లవ్‌ని చెవి వైపు లాక్కోవాలి, బంతి చేతిలోకి మారడం ఆ దారిలోనే జరిగిపోవాలి. చెయ్యి చాచి గ్లవ్‌లోంచి బంతిని వెతుక్కునే పిల్ల ఎంత బలంగా విసిరినా ఆలస్యమే. పాదాలు కూడా అప్పుడే తిరగాలి. కుడిచేతి క్యాచర్ అయితే కుడి పాదం కొద్దిగా ముందుకి పడి, ఎడమ భుజం విసిరే బేస్ వైపు చూపించాలి. భుజం తిరగకుండా విసిరితే బంతి పక్కకి జారిపోతుంది.

ఫస్ట్ బేస్‌కి విసరడం అన్నిటికంటే తేలిక. బ్యాటర్ కుడిచేతి వాటం అయితే థర్డ్ బేస్ వైపు నిలబడుతుంది కాబట్టి ఫస్ట్ వైపు దారి ఖాళీగా ఉంటుంది. దానికి తోడు పిచర్ చేత బంతి బయటి మూలకి వేయిస్తే క్యాచర్ ఒళ్లు సహజంగానే అటు తిరుగుతుంది. ముందుగా అనుకున్న పికాఫ్ అయితే నేను ఎప్పుడూ బయటి పిచ్చే అడుగుతాను. ఒక్కటే గుర్తుంచుకోవాలి, బంతి విడుదలయ్యేదాకా క్యాచర్ తన బాక్స్‌లోంచి కాలు బయటపెట్టకూడదు.

థర్డ్‌కి విసరాలంటే అదే బ్యాటర్ అడ్డంగా ఉంటుంది. ఇక్కడ పిల్లలు తడబడతారు. బంతి ఎక్కడ పడిందో చూసి దారి ఎంచుకోమని చెబుతాను. బంతి బయటి వైపు వస్తే బ్యాటర్ ముందు నుంచి విసరాలి. లోపలికి, అంటే బ్యాటర్ ఒంటి వైపు వస్తే, కుడి పాదాన్ని ఎడమ పాదం వెనక్కి వేసి బ్యాటర్ వెనక నుంచి విసరాలి. బ్యాటర్ మాయమైపోవాలని ఎవరూ అడగరు, కానీ బాక్స్ దాటి వచ్చి విసురుకి అడ్డుపడితే అది ఇంటర్‌ఫియరెన్స్. ఆ సంగతి మీ బ్యాటర్లకి కూడా చెప్పండి.

సెకండ్‌కి దూరం ఎక్కువ. 60 అడుగుల చతురస్రంలో మూల నుంచి మూలకి దాదాపు 85 అడుగులు. పన్నెండేళ్లలోపు పిల్లల్లో సెకండ్ బేస్ మీది రన్నర్‌ని పికాఫ్ చెయ్యగల చెయ్యి అరుదు. నేను దాన్ని నేర్పను. ఆ సమయం ఫస్ట్‌కీ థర్డ్‌కీ పెడితే ఫలితం ఎక్కువ.

ఏ బేస్‌కైనా గురి ఒక్కటే: మోకాలి ఎత్తు, బేస్‌కి లోపలి అంచు మీద. ఛాతీ ఎత్తున పట్టుకున్న బంతిని కిందికి తెచ్చి ట్యాగ్ చేసేలోపు (బంతి ఉన్న గ్లవ్‌తో రన్నర్‌ని తాకేలోపు) రన్నర్ చెయ్యి బేస్ మీద ఉంటుంది.

బేస్ దగ్గరికి ఎవరు వస్తారు

క్యాచర్ చెయ్యి ఎంత బాగున్నా, బేస్ దగ్గర మనిషి లేకపోతే ఆ బంతి అవుట్‌ఫీల్డ్‌లోకి పోతుంది, రన్నర్ హాయిగా ఇంకో బేస్ వెళ్తుంది. నేను చూసిన పాడైన పికాఫ్‌లలో ఎక్కువ వాటికి కారణం విసురు కాదు, ఆలస్యంగా కదిలిన ఫీల్డర్.

ఫాస్ట్‌పిచ్‌లో బంట్ (బ్యాట్ ఊపకుండా బంతిని మెల్లగా దగ్గర్లోనే పడేలా తట్టడం) భయం ఉంటుంది కాబట్టి ఫస్ట్ బేస్, థర్డ్ బేస్ ఆడే పిల్లలు బేస్‌కి బాగా ముందు నిలబడతారు. అందుకే ఫస్ట్‌కి సెకండ్ బేస్ ఆడే పిల్ల రావాలి, థర్డ్‌కి షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడే పిల్ల) రావాలి. ఇందులో ఒక అందం ఉంది. రన్నర్ కళ్లు క్యాచర్ మీద ఉంటాయి, వీళ్లు ఆమె వీపు వెనక నుంచి వస్తారు. ఆమెని హెచ్చరించేది బేస్ కోచ్ అరుపు ఒక్కటే.

దీనికి గుర్తు ఒకటి పెట్టుకోండి. క్యాచర్ మాస్క్ తాకుతుంది, ఫీల్డర్ టోపీ అంచు సర్దుకుంటుంది, ఇద్దరికీ తెలిసిపోయింది. బదులు గుర్తు రాకపోతే విసరకూడదు, ఈ విషయంలో నేను కఠినంగా ఉంటాను. పిచ్ బ్యాటర్‌ని దాటగానే ఫీల్డర్ కదలాలి. అంతకంటే ముందు కదిలితే తన చోటు ఖాళీ అయి, బ్యాటర్ అటే కొడుతుంది.

బేస్ దగ్గరికి చేరాక దారికి అడ్డంగా నిలబడొద్దని చెప్పండి. బంతి చేతికి రాకముందే రన్నర్ దారి మూస్తే అది అబ్‌స్ట్రక్షన్. అలా అడ్డుకున్న రెండు బేస్‌ల మధ్య ఆ రన్నర్‌ని ఔట్ చెయ్యడం కుదరదు. బేస్ పక్కన నిలబడి, బంతి అందుకుని, గ్లవ్‌ని బేస్ ముందు నేలకి ఆనించాలి. రన్నర్ చెయ్యి తనంతట తానే వచ్చి దాన్ని తాకుతుంది.

వెనక కాపు మరిచిపోకండి. ఫస్ట్‌కి విసిరితే రైట్ ఫీల్డర్, థర్డ్‌కి విసిరితే లెఫ్ట్ ఫీల్డర్ లోపలికి పరిగెత్తుకు రావాలి. ముఖ్యంగా థర్డ్ వెనక. అక్కడ బంతి జారితే అది పరుగే. విసిరిన బంతి మైదానం హద్దు దాటి బయటికి పోతే రన్నర్లకి రెండేసి బేస్‌లు ఇస్తారు, బంతి చెయ్యి వదిలిన క్షణంలో వాళ్లు ఎక్కడున్నారో అక్కడి నుంచి లెక్క.

అందుకే ప్రతి పిచ్‌కీ విసరనివ్వను. రన్నర్ నిజంగా మూడు అంగలు వేసిందా? క్యాచర్ వైపు చూడకుండా, వీపు తిప్పి, నడుచుకుంటూ వెనక్కి వెళ్తోందా? ఈ రెండోదాని కోసం ఎదురు చూడమంటాను. రెండు మూడు పిచ్‌లకి ఏమీ చెయ్యకుండా ఊరుకుంటే చాలామంది పిల్లలు నడక మొదలుపెడతారు.

రన్నర్ వైపు నుంచి

ఇప్పుడు అదే పిల్లని బేస్ మీద నిలబెట్టి మాట్లాడదాం. ఎడమ పాదం బేస్ ముందు అంచు మీద, కుడి పాదం బేస్ వెనక. పిచర్ చెయ్యి గుండ్రంగా తిరిగి పైకి వెళ్లినప్పుడు ఒంటిని ముందుకి ఊపడం మొదలుపెట్టాలి. ఆ చెయ్యి తుంటి దగ్గరికి దిగేసరికి బంతి వదులుతుంది, సరిగ్గా అప్పుడే ఎడమ పాదం లేవాలి. బంతిని చూడొద్దు, తుంటిని చూడమనండి. బంతి గాల్లో కనపడ్డాక కదిలే పిల్ల ఒక అంగ పోగొట్టుకున్నట్టే.

మూడు బలమైన అంగలు, తర్వాత క్యాచర్ వైపు తిరిగి చిన్నగా పక్క అడుగులు. బంతి గ్లవ్‌లో పడే క్షణంలో బరువు రెండు కాళ్ల మీదా సమానంగా ఉండాలి. బంతి కిందికి వాలుతూ నేల తాకేలా ఉంటే ముందుకి పరుగు. శుభ్రంగా పట్టుకుంటే వెంటనే వెనక్కి, క్యాచర్ మీంచి చూపు తిప్పకుండా. ఫస్ట్‌కి దూకి రావాల్సి వస్తే బేస్‌కి అవుట్‌ఫీల్డ్ వైపున్న మూలని కుడిచేత్తో అందుకుని, ముఖం అవుట్‌ఫీల్డ్ వైపు తిప్పేయాలి. బంతి వచ్చేది ఇటు నుంచి, ముఖం ఉండాల్సింది అటు.

థర్డ్ బేస్ మీది రన్నర్‌కి ఇంకో పాఠం. లీడ్ తీసుకునేటప్పుడు ఫౌల్ గీతకి (లోపల ఫెయిర్ నేల, బయట ఫౌల్ నేల అని విడదీసే గీత) బయట వైపు నడవాలి. బేస్ వదిలి ఫెయిర్ నేల మీద ఉండగా, ఏ ఫీల్డర్నీ దాటకుండా వచ్చిన కొట్టిన బంతి తగిలితే ఆమె ఔట్. ఫౌల్ వైపు తగిలితే అది ఫౌల్ బంతి మాత్రమే. వెనక్కి వచ్చేటప్పుడు గీతకి లోపల వైపు నుంచి రావాలి. అప్పుడు క్యాచర్‌కీ బేస్‌కీ మధ్య ఆమె వీపు ఉంటుంది, విసరడం కష్టమవుతుంది. క్యాచర్లకి నేను చెప్పే విరుగుడు ఏమిటంటే, ఫీల్డర్ ఇంకో అడుగు లోపలికి వచ్చి గ్లవ్ చూపించాలి, బంతి అక్కడికే వెయ్యాలి.

సర్కిల్‌లో బంతి ఉన్నప్పుడు

లుక్‌బ్యాక్ రూల్ అనేది కోచ్‌లని కూడా కంగారు పెడుతుంది. నిజానికి కష్టమైనదేమీ కాదు. పిచింగ్ ప్లేట్ చుట్టూ 8 అడుగుల వ్యాసార్ధంతో గీసిన సర్కిల్ ఉంటుంది. పిచర్ రెండు పాదాలూ ఆ సర్కిల్ లోపలో గీత మీదో ఉండాలి, బంతి ఆమె అదుపులో ఉండాలి, బ్యాటర్-రన్నర్ (అప్పుడే ఫస్ట్‌కి పరిగెత్తిన బ్యాటర్) ఫస్ట్ బేస్ తాకి ఉండాలి లేదా ఔటై ఉండాలి. ఈ మూడూ కలిసిన క్షణం నుంచి రన్నర్లకి స్వేచ్ఛ అయిపోయింది. బేస్ మీద ఉన్నవాళ్లు కదలకూడదు. రెండు బేస్‌ల మధ్య ఉన్నవాళ్లు ముందుకో వెనక్కో వెంటనే ఒక దారి పట్టాలి, పట్టాక మళ్లీ మనసు మార్చుకోకూడదు. అక్కడే ఆగి ఊగిసలాడితే అంపైర్ ఔట్ ఇస్తారు. ఇద్దరు తప్పు చేసినా ఔటయ్యేది ఒక్కరే.

పిచర్ విసరబోయినా, విసిరినట్టు చెయ్యి ఎత్తి బెదిరించినా ఈ నియమం ఆగిపోతుంది. రన్నర్లు మళ్లీ ఇష్టం వచ్చినట్టు కదలచ్చు. పిల్ల పిచర్లకి ఇది ఒంట పట్టడానికి సమయం పడుతుంది, ఎందుకంటే రన్నర్ గంతులేస్తుంటే బెదిరించాలని చెయ్యి దానంతట అదే లేస్తుంది. నేను ఒకటే మాట చెబుతాను: "అమ్మా, బంతి పట్టుకుని నిలబడు. చూడు. చెయ్యి కదపకు." ఆ నిలబడటమే రన్నర్‌ని బేస్‌కి కట్టేస్తుంది. టెన్షన్ పడాల్సింది రన్నర్, పిచర్ కాదు. క్యాచర్ బంతిని ఎంత త్వరగా సర్కిల్‌కి చేరిస్తే అంత మంచిది. ఆ బంతి బద్ధకంగా, ఎత్తుగా వెళ్లిందా, గాల్లో ఉన్నంతసేపూ తెలివైన రన్నర్ స్టీల్‌కి సిద్ధంగా ఉంటుంది.

ఈ నియమానికి అసలు పరీక్ష థర్డ్ బేస్ మీద రన్నర్ ఉండి, బ్యాటర్‌కి వాక్ (పిచర్ నాలుగు చెడ్డ బంతులు వేసినందుకు ఉచితంగా ఫస్ట్ బేస్) వచ్చినప్పుడు. బాగా తయారైన జట్టు బ్యాటర్ ఫస్ట్ దగ్గర ఆగదు. బేస్ తాకి, తిరిగి, సెకండ్ వైపు పరుగు తీస్తుంది. ఆగకుండా వెళ్తున్నంతవరకు అది తప్పు కాదు. వాళ్లకి కావలసింది మీ పిచర్ కంగారుపడి సెకండ్‌కి విసరడం, అప్పుడు థర్డ్ మీది పిల్ల హోమ్‌కి వచ్చేస్తుంది. పన్నెండేళ్లలోపు జట్టుకి నా సలహా: సెకండ్ ఇచ్చేయండి. పిచర్ సర్కిల్‌లో నిలబడి థర్డ్ వైపు చూస్తే చాలు. బ్యాటర్ ఫస్ట్ తాకాక కూడా థర్డ్ రన్నర్ బేస్‌కి దూరంగా ఆగి చూస్తుంటే ఆమే ఔట్. ఒక బేస్ పోయిందని బాధపడే తల్లిదండ్రులకి, ఒక పరుగు మిగిలిందని నిదానంగా చెప్పండి.

ఫ్లై బంతి సంగతి త్వరగా చెప్పేస్తాను. ఫీల్డర్ చేతికి బంతి మొదట తగిలిన క్షణమే రన్నర్ బేస్ వదలచ్చు, పూర్తిగా పట్టుకునేదాకా ఆగక్కర్లేదు. ముందే వదిలిందని మీకు అనిపిస్తే అప్పీల్ చెయ్యాలి, అడగకపోతే అంపైర్ ఇవ్వరు. బంతి డెడ్ అయ్యాక ఏ ఇన్‌ఫీల్డరైనా నోటితో చెప్పినా సరిపోతుంది. ఫౌల్ అయితే అందరూ వెనక్కి. ఫౌల్ టిప్‌ని, అంటే బ్యాట్‌కి రాసుకుని నేరుగా వెనక్కి వచ్చిన బంతిని, క్యాచర్ పట్టుకుంటే మాత్రం బంతి బతికే ఉంటుంది, స్టీల్ చెల్లుతుంది.

రన్నర్ మధ్యలో చిక్కితే

పికాఫ్ బాగా కుదిరితే చాలాసార్లు ట్యాగ్ అక్కడే అయిపోదు, రన్నర్ రెండు బేస్‌ల మధ్య ఇరుక్కుంటుంది. ప్రాక్టీస్‌లో ఇది ముగ్గురితో చేయించండి: ఒక క్యాచర్, ఒక ఫీల్డర్, హెల్మెట్ పెట్టుకున్న రన్నర్, మెత్తటి బంతి. మీరు పిచర్‌లా చెయ్యి తిప్పండి, రన్నర్ మూడు అంగలు వేస్తుంది. విసరాలా వద్దా అన్నది క్యాచర్ ఇష్టం, రన్నర్‌కి తెలియదు. కాసేపటికి ముగ్గురూ స్థానాలు మారాలి. క్యాచర్‌గా ఉన్న పిల్ల రన్నర్ అయ్యాక, ఏ చూపుకి మోసపోతామో తనకే తెలుస్తుంది.

ఇరుక్కున్న రన్నర్‌ని తరిమేటప్పుడు బంతి గ్లవ్‌లో కాక చేతిలో, భుజం పైన, అందరికీ కనపడేలా ఉండాలి. మెల్లగా జాగింగ్ చేస్తే రన్నర్ ఇష్టం వచ్చినట్టు తిరుగుతుంది. పూర్తి వేగంతో ఆమె బయలుదేరిన బేస్ వైపు తరిమితే ఆమె ఆగి వెనక్కి తిరగలేదు. ఒక్క విసురుతో పని అయిపోవాలి. విసిరినవాళ్లు బంతి వెళ్లిన వైపే వెళ్లి అక్కడి వరుసలో వెనక నిలబడాలి, రన్నర్ దారిలో కాదు. ట్యాగ్ తప్పించుకోవడానికి రన్నర్ తన దారి నుంచి మూడు అడుగులకి మించి పక్కకి పోతే ఔట్. ఇక ట్యాగ్ అయ్యాక పిల్లలు ఎగిరి గంతులేస్తారు, సహజమే. కానీ ఇంకో బేస్ మీద రన్నర్ ఉంటే ఆట ఇంకా నడుస్తూనే ఉంటుంది. ట్యాగ్ చేసిన పిల్ల ముందు తలెత్తి ఆ రన్నర్ ఎక్కడుందో చూసి, బంతిని సర్కిల్‌లో ఉన్న పిచర్‌కి ఇచ్చెయ్యాలి. గంతులు ఆ తర్వాత.